స్తోత్రమంత సేపు నీళ్ళు

చీరాల పక్క ఇసుక నేలలో పుట్టి పెరిగినదాన్ని నేను. ఇసుకకి ఎన్ని నీళ్ళు పోసినా చాలవు. బిందె గుమ్మరిస్తే గుటుక్కున మింగేసి, ఇంకా పోయలేదేం అన్నట్టు చూస్తుంది. మా పెరట్లో మల్లెపొదకీ, కనకాంబరాలకీ, కరివేపాకు చెట్టుకీ పొద్దునా సాయంత్రం నీళ్ళు మోయడం నా వంతు. నాన్న మగ్గం గుంటలో దిగి కూర్చుంటే భోజనానికి తప్ప పైకి వచ్చేవాడు కాదు. అమ్మ రాట్నం ముందు కండెలు చుడుతుండేది. ఇంట్లో అందరి చేతులకీ పని ఉండేది కాబట్టి నేను బడి మొహం చూడలేదు. ఆ లోటు అమ్మే తీర్చింది. రాట్నం పక్కన ఇసుక పరిచి, వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. చదవడం వచ్చాక స్తోత్రాలు నేర్పింది.

"ఒక్కో చెట్టు దగ్గర ఒక్కో స్తోత్రం చదువుకుంటూ పొయ్యవే. నీ నోటికి నామం, దాని వేరుకి నీళ్ళు. రెండు పనులూ ఒక్కసారే అయిపోతాయి" అనేది.

అలా నాకు గడియారంతో పని లేకుండా పోయింది. చిన్న మొక్కకి చిన్న స్తోత్రం, పెద్ద చెట్టుకి పెద్ద స్తోత్రం. చివరి శ్లోకం అయ్యాక చెంబు దించడమే. ఆ కొలత ఏనాడూ తప్పలేదు. నాకు చదువు చెప్పినందుకు అమ్మకీ, చెప్పే ఓపిక అమ్మకి ఇచ్చినందుకు ఆ స్వామికీ ఇవాళ్టికీ దణ్ణం పెట్టుకుంటాను. అయితే అది ఇసుకకి సరిపోయిన కొలత అనీ, నేల మారితే కొలత మారుతుందనీ తెలుసుకోవడానికి మాత్రం ఒక పారిజాతం చెట్టు ప్రాణం మీదికి రావలసి వచ్చింది.

పెళ్ళయ్యాక మా ఆయనకి గుంటూరు పక్క నూలు మిల్లులో పని దొరికింది. అద్దె గదుల్లో కాపురం. మొక్కలంటే డబ్బాలో తులసి, పగిలిన బకెట్టులో పుదీనా. ఇన్నేళ్ళు ఈ పక్కనే ఉన్నా, ఇక్కడి నల్లరేగడి నేలలో చెయ్యి పెట్టే అవసరం రాలేదు. పిల్లలు ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డాక ఊరికే కూర్చోలేక, పెదకాకాని దాటాక హైవే పక్కనున్న ఒక ఫంక్షన్ హాల్లో తోటపనికి కుదిరాను. అప్పటిదాకా చేసిన తోటమాలి కీళ్ళ నొప్పులతో మానేశాడు.

ఆ హాలు ఉన్న చోట ఒకప్పుడు మిరప కల్లం ఉండేదట. కోసిన కాయలు ఎర్రటి దుప్పటిలా ఆరబోసిన నేల మీదే ఇప్పుడు పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి. హాలు యజమానిని అందరూ అయ్యగారు అంటారు. వాళ్ళ అమ్మని పెద్దమ్మగారు అంటారు. ఆవిడ హాలు వెనక ఇంట్లోనే ఉంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఒక ముసలి సాయిబు ఉన్నాడు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో పుట్టి, కౌలుకి తీసుకున్న చేలల్లో మిరపా పత్తీ వేసి, నడుము వంగాక గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషి. మొదటి రోజే నన్ను "అమ్మాయ్" అన్నాడు. నేను "బాబాయ్" అన్నాను. అంతే, మాకు చుట్టరికం కలిసిపోయింది.

చేరిన కొత్తలోనే ఒక పెళ్ళి వచ్చింది. పచ్చిక మీద కుర్చీలు వేస్తారని విని, చూసేవాళ్ళకి కళకళలాడాలని తెల్లవారకముందే పైపు పెట్టి, నాకొచ్చిన వాటిలోకెల్లా పొడుగాటి స్తోత్రం మొదలుపెట్టాను. అది పూర్తయ్యేసరికి పచ్చిక నవనవలాడిపోతోంది. మగపెళ్ళివారు దిగారు, పెళ్ళికొడుకు పీటలెక్కాడు. పెళ్ళికొడుకు మేనమామ మంచి భారీ మనిషి. పట్టుపంచె సవరించుకుని, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే మెల్లగా కిందికి దిగసాగాడు. కుర్చీ వెనక కాళ్ళు రెండూ రేగడిలోకి పోయి, మనిషి మొహం ఆకాశానికి తిరిగింది. చేతిలో కూల్‌డ్రింకు గ్లాసు మాత్రం ఒలకనివ్వలేదు.

"ఒరేయ్, ఎవరన్నా పట్టుకోండ్రా! నేలలోకి పోతున్నా!" అని కేకలు.

"భోజనం చేసి పోదువుగాని ఉండు మావయ్యా!" అన్నాడు పెళ్ళికొడుకు పీటల మీంచే.

ఆడపెళ్ళివారు నవ్వకూడదని పైట చెంగులు నోట్లో కుక్కుకున్నారు. నలుగురు పట్టుకుని లాగితే మనిషి వచ్చాడు గానీ కుర్చీ రాలేదు. నేను క్రోటన్ మొక్కల వెనక నిలబడి నాలుక కరుచుకున్నాను.

సాయంత్రం బాబాయ్ ఆ కుర్చీని గునపంతో తవ్వి తీస్తూ, "అమ్మాయ్, ఇది రేగడి. దీనికి నీళ్ళు చూపిస్తే చాలు, తాగించక్కర్లా" అన్నాడు.

బుద్ధి తెచ్చుకున్నాననుకున్నాను. ఫంక్షన్‌కి ముందు రోజు పచ్చికకి నీళ్ళు పెట్టకూడదని నేర్చుకున్నాను. అంతవరకే నేర్చుకున్నాను. పచ్చిక వేరు, చెట్టు వేరు కదా అని నా నమ్మకం.

ఇక ఆ చెట్టు సంగతి. హాలుకి ఎడమ పక్క, పెద్దమ్మగారి వంటింటి కిటికీలోంచి కనబడేలా ఒక పారిజాతం ఉంది. కల్లం రోజుల్లో కాపలా గుడిసె పక్కన ఆవిడ భర్త నాటినదట. ఆయన పోయాడు, గుడిసె పోయింది, కల్లం పోయింది. చెట్టు మిగిలింది. కింద రాలిన పూలు మనం దేవుడికి పెట్టం. ఒక్క పారిజాతానికే ఆ మినహాయింపు. దాన్ని కోయకూడదు, తనంతట తాను రాలితేనే ఏరుకోవాలి. పెద్దమ్మగారు చలికాలం మొదలయ్యేదాకా రోజూ తెల్లవారుతూనే చెట్టు కింద పీట వేసుకుని కూర్చుని, ఒక్కొక్క పువ్వే ఏరి, కళ్ళకద్దుకుని బుట్టలో వేసుకునేదట. వంగలేని మనిషి ఆ పూల కోసం మాత్రం వంగేది. నేను చేరేటప్పటికి పూల కాలం అయిపోయింది. "శ్రావణం రానీ, నీకే తెలుస్తుంది" అని ఊరించేది.

ఎండలు ముదిరేసరికి ఆకులు పసుపు తిరిగాయి. కొమ్మల చివర్లు ఎండసాగాయి. సరిగ్గా అప్పుడే ఒక పెళ్ళిలో తాళి కట్టే వేళకి కరెంటు పోయింది. అద్దెకి తెచ్చిన జనరేటరు దగ్గి దగ్గి ఊరుకుంది. ఫోన్ల లైట్ల వెలుతురులో తాళి కట్టించారు. మర్నాడు అయ్యగారు వచ్చి పారిజాతం ముందు నిలబడ్డారు.

"అమ్మా, సొంత జనరేటరు కొంటున్నా. దానికో గది కావాలి. మెయిన్ బోర్డుకి దగ్గరగా ఉన్నది ఈ జాగా ఒక్కటే. చెట్టు తీయించేస్తా."

"తీయించేస్తావా? మీ నాన్న చేత్తో పెట్టిందిరా!"

"పచ్చగా పూస్తుంటే నేనూ ఊరుకుందును. చూడు, ఎండిపోతోంది. ఎండిన చెట్టుకి ఎన్నాళ్ళు దణ్ణాలు పెడతావ్?"

"పూస్తుంది. ఇదిగో, ఈ అమ్మాయి పూయిస్తుంది" అని ఆవిడ నన్ను ముందుకు నెట్టింది. నా చేతిలో పైపు ఉంది. నోట్లో శ్లోకం సగంలో ఆగిపోయింది.

ఆయన నన్నూ చూశారు, చెట్టునీ చూశారు. "సరే, దసరా దాకా చూస్తా. దసరా పోతే కార్తీకంలో మళ్ళీ ముహూర్తాలు మొదలు. అప్పటికి పూస్తే చెట్టు ఉంటుంది, లేకపోతే గది ఉంటుంది. తర్వాత ఇద్దరూ ఏడవకూడదు."

మాట తప్పే మనిషి కాదు ఆయన. ఆ సంగతే నాకు ధైర్యమూ, దిగులూ కూడా.

ఆ రోజు నుంచి నా ప్రాణమంతా ఆ చెట్టు మీదే. ఇసుకలో పుట్టినదానికి తెలిసిన మందు ఒక్కటే: ఆకు వాడితే నీళ్ళు. పైన నేల చూస్తే పొక్కు లేచి బీటలిస్తోంది. అయ్యో దాహం అనుకున్నాను. చిన్న స్తోత్రం పెద్ద స్తోత్రం అయింది. పొద్దుటి స్తోత్రానికి సాయంత్రం స్తోత్రం తోడైంది. ఏకాదశికి ఇంకొకటి. నేను ఎంత భక్తిగా చదివితే ఆకులు అంత జోరుగా రాలాయి. అయ్యగారు కూడా చెడ్డవారేం కాదు, యూట్యూబ్‌లో చూసి మొక్కలకి వేసే ఏదో ఉప్పు పొట్లం తెచ్చి ఇచ్చారు. అదీ వేశాను.

బాబాయ్ వచ్చి చూసి, "ఉప్పు కూడా పడిందా? ఇంక కారం వేస్తే పచ్చడైపోద్ది" అని వెళ్ళిపోయాడు.

ఆషాఢం వస్తే పెళ్ళిళ్ళు ఉండవు. దానికి ముందు ఆఖరి పెళ్ళికి టెంటు హౌసు వాళ్ళు వచ్చారు. షామియానా గుంజ ఒకటి సరిగ్గా పారిజాతం పక్కన పడింది. అక్కడ గునపంతో గుంట తీస్తున్న కుర్రాడు కాసేపటికి ఆగి, లోపలికి తొంగి చూసి, ముక్కు మూసుకుని నన్ను పిలిచాడు.

"ఏవమ్మా, ఇక్కడ గుంజ పాతమంటారా, వరి నాట్లెయ్యమంటారా?"

వెళ్ళి చూద్దును కదా, గుంట అడుగున నీళ్ళు ఊరుతున్నాయి. పైన బీటలిచ్చిన నేల జానెడు లోతు దిగేసరికి జిగురు బురద. కుళ్ళు వాసన. చెయ్యి పెట్టి ఒక వేరు తీస్తే పైతోలు నల్లగా నా వేళ్ళకి ఊడివచ్చింది. దాహంతో ఉందనుకున్న చెట్టు ఇన్నాళ్ళూ మునిగిపోయి ఉంది. ఇసుక తాగి వదిలేస్తుంది. రేగడి తాగినదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. పైపొర ఎండకి చిట్లిందని చూసి లోపల కూడా అంతే అనుకున్నాను.

గొడవ విని పెద్దమ్మగారు చేతికర్ర పట్టుకుని వచ్చింది. గుంటలోకి చూసి, "ఎన్ని నీళ్ళు పోశావే దీనికి?" అంది.

"బిందెలతో కొలవలేదండి. స్తోత్రం చదివినంత సేపు పోశానండి."

"ఏ స్తోత్రం?"

చెప్పాను. ఆవిడకీ అది కంఠతా వచ్చు. ఎంత పొడుగో తెలుసు. ఉన్నట్టుండి కర్ర మీద వాలి పకపకా నవ్వింది.

"పొద్దునా సాయంత్రమూనా? ఓసి నీ భక్తి బంగారం కానూ! చెట్టుని తీర్థంలో ముంచేశావు గదే!"

ఆవిడ నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. అది చూసి నవ్వు ఆపి, నా భుజం మీద చెయ్యి వేసింది. "పిచ్చిదానా, స్తోత్రం మానకు. పైపు మానుకో."

ఇన్నేళ్ళలో నేను విన్న ఉపదేశాల్లో అంత చిన్నది, అంత పనికొచ్చింది మరొకటి లేదు. ఆ గుంజ అక్కడే పడాలని ఎవరు అనుకున్నారో నాకు తెలుసు. ఆ రాత్రి దీపం దగ్గర ఆ స్వామికి దణ్ణం పెట్టుకుని, టెంటు హౌసు కుర్రాడికి కూడా మనసులోనే ఒక దణ్ణం పెట్టాను.

ఆషాఢమంతా హాలు ఖాళీ. బాబాయ్, నేను పనిలోకి దిగాం. చెట్టు దగ్గర్నుంచి ప్రహరీ అవతలి కాలవకి వాలుగా ఒక గాడి తవ్వాం. కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, పసుపు రాసి, గాడిలో విరిగిన పెంకులూ ఇటుకముక్కలూ వేసి, పైన ఇసుక నింపాం. హాలు వెనక ఎప్పుడో కట్టుబడికి తెచ్చి మిగిలిపోయిన ఇసుకగుట్ట ఉంది. అది తట్టకెత్తుతుంటే పుట్టింటివాళ్ళు సాయానికి వచ్చినట్టే అనిపించింది నాకు. ఎండిన కొమ్మలు కోసేశాం. సగం చెట్టు పోయింది. అయ్యగారు అటుగా వచ్చి, "నా పని సగం మీరే చేసేశారే!" అన్నారు.

"మిగతా సగం మీకు మిగల్చం బాబూ" అన్నాడు బాబాయ్ తట్ట దించకుండానే.

గునపం పరీక్ష కూడా బాబాయే నేర్పాడు. చెట్టు మొదలుకి కాస్త ఎడంగా గునపం నేలలోకి దింపి తియ్యాలి. మొనకి మట్టి అంటుకుని వస్తే ఆ పూటకి నీళ్ళ ఊసు ఎత్తకూడదు. పొడిగా వస్తేనే పొయ్యాలి. ఇప్పటికీ నేను ఎవరి తోటకి వెళ్ళినా ముందు గునపం అడుగుతాను, తర్వాతే మంచినీళ్ళు అడుగుతాను.

నీళ్ళు మానేశాక నాకో కొత్త చిక్కు వచ్చింది. రోజూ చెట్టు ముందు నిలబడి స్తోత్రం చదువుతాను గానీ ఖాళీ చేతులు ఏం చెయ్యాలో తెలియదు. చిన్నప్పటి నుంచి పైపో చెంబో లేకుండా దేవుడితో మాట్లాడినదాన్ని కాదు. ఊరికే ఉండలేక ఆకులు తిప్పి చూడటం మొదలుపెట్టాను. ఆకు కింద పురుగు గుడ్లు కనబడ్డాయి. కొమ్మ చంకలో చీమల దారి కనబడింది. కలుపుమొక్క చిన్నగా ఉండగానే కనబడింది. నీళ్ళు పోసేటప్పుడు నేను చెట్టుని చూసేదాన్నే కాదు, నీళ్ళని చూసేదాన్ని. ఇప్పుడు శ్లోకానికి ఒక కొమ్మ చొప్పున చూస్తున్నాను. తోటపనిలో సగం జబ్బులు అక్కడే ఆగిపోతాయని అలా తెలిసింది.

శ్రావణంలో వానలు పడ్డాయి. ఎన్ని పడ్డా నీళ్ళు గాడి వెంట కాలవలోకి పోయాయి. కోసిన కొమ్మల పక్కనుంచి లేత చిగుళ్ళు వచ్చాయి. గరుకుగా, పిల్లి నాలికలా ఉండే పారిజాతం ఆకుని మొదటిసారి వేళ్ళతో రాసి చూసుకుని పెద్దమ్మగారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ వచ్చి తనూ రాసి చూసుకుంది. లోపలికి వెళ్ళి నాకు గ్లాసు నిండా కాఫీ తెచ్చి ఇచ్చింది. వంటమనిషి చేత పంపకుండా తనే తెచ్చింది.

భాద్రపదంలో మొగ్గల జాడ మొదలైంది. దాంతోపాటు నత్తలూ మొదలయ్యాయి. వానలకి గోడ వెంట పుట్టుకొచ్చి, రాత్రికి రాత్రి లేత చిగుళ్ళూ మొగ్గలూ నమిలేసేవి. చంపడానికి నాకు చేతులు రాలేదు. పొద్దున్నే బకెట్టులోకి ఏరి కాలవ అవతల వదిలి వచ్చేదాన్ని. మర్నాటికి మళ్ళీ హాజరు.

"ఎన్నిసార్లు మోస్తావమ్మాయ్? వాటికి నీ బకెట్టు ఆటో అయిపోయింది" అన్నాడు బాబాయ్. "కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తుంటారు. ఆ తొడిమలు తెచ్చి చెట్టు చుట్టూ పరిచెయ్. ఆ ఘాటుకి నత్త కాదు, పాము కూడా రాదు."

మంచి ఆలోచనే. కోల్డ్ స్టోరేజీలో ఆడవాళ్ళు గుంపులుగా కూర్చుని కాయల తొడిమలు తుంచి పోస్తుంటే గుట్టలు పడుతుంటాయి. అడిగితే ఆనందంగా రెండు గోతాలు ఎత్తి ఆటోలో పడేశారు. మూతికి తువ్వాలు కట్టుకుని, చెట్టు చుట్టూ దట్టంగా పరిచాను. నత్తలు మాయమయ్యాయి. నా ఆనందం చెప్పలేను.

ఆ ఆదివారం హాల్లో ఒక నిశ్చితార్థం, పెళ్ళికొడుక్కి సెలవు మళ్ళీ దొరకదని శూన్యమాసమని కూడా చూడకుండా పెట్టుకున్నది. పురోహితుడు లగ్నపత్రిక విప్పి, గొంతు సవరించుకుని చదవబోయాడు. సరిగ్గా అప్పుడే పడమటి గాలి లేచింది. మొదట పెళ్ళికూతురి తాతగారు తుమ్మారు. శుభమా అని పత్రిక చదువుతుంటే తుమ్మా అని అందరూ ఆయన వంక గుర్రుగా చూశారు. అంతలో పెళ్ళికొడుకు తల్లి తుమ్మింది. తర్వాత ఫొటోగ్రాఫరు. తర్వాత ఎవరు ఎవరో చెప్పలేను, హాలంతా తుమ్ములే. చివరికి పురోహితుడూ పత్రిక అడ్డం పెట్టుకుని గట్టిగా తుమ్మి, కళ్ళు తుడుచుకుని, "ఒంటి తుమ్మయితే ఆలోచించాలి గానీ ఇన్ని తుమ్ములకి ఏ దోషమూ లేదు. కానివ్వండి!" అన్నాడు. ఆ మహానుభావుడి నోటి చలవ వల్ల నా ఉద్యోగం నిలిచింది. నేను పరుగున వెళ్ళి తొడిమల మీద కాస్త నీళ్ళు చిలకరించి దుమ్ము అణిచాను. కారం సంగతి అంతటితో తీరిపోయిందనుకున్నాను.

దేవీ నవరాత్రులు వచ్చాయి. పారిజాతం నిండా కాదు గానీ, బతికిన కొమ్మలకి గుత్తులుగా మొగ్గలున్నాయి. రోజూ తెల్లవారుతూనే వెళ్ళి చూస్తాను. ఒక్కటీ విచ్చలేదు. దుర్గాష్టమి నాడు మేస్త్రి వచ్చి టేపు పట్టి కొలిచి, చెట్టు చుట్టూ సున్నంతో చదరం గీసి వెళ్ళాడు. ఆ తెల్లగీత మధ్యలో చెట్టు, మొగ్గలతో సహా, తీర్పు కోసం నిలబెట్టినట్టు నిలబడి ఉంది. పెద్దమ్మగారు ఆ పూట కిటికీ తలుపు వేసేసుకుంది. నేను గీత దాటి లోపలికి వెళ్ళి స్తోత్రం చదువుకున్నాను. "నీకు ఇష్టమైన పువ్వు స్వామీ, నీకే అక్కర లేకపోతే నేనేం చెయ్యను" అని ఒక మాట మాత్రం అనేశాను. అలా అనకూడదు. కానీ అన్నాను.

దసరా నాడు ఇంకా వెలుగు రాకముందే గేటు తీసుకుని లోపలికి అడుగుపెట్టానో లేదో, వాసన. పెళ్ళిళ్ళ సెంట్లు, మల్లెదండలు అన్నీ ఎరుగుదును. ఇది అది కాదు. పరిగెత్తాను. చెట్టు కింద, తడిసిన తొడిమల మీద, కాషాయం కాడలతో తెల్లటి పూలు. ఎక్కువ కాదు, రెండు దోసిళ్ళ పూలు.

"పెద్దమ్మగారండీ! పూసిందండీ!"

ఆవిడ తలుపు తీసుకుని, కర్ర కూడా మరిచిపోయి గోడ పట్టుకుంటూ వచ్చింది. పీట వేశాను. కూర్చుని, వంగి, మొదటి పువ్వు తీసుకుంది. రెండు చేతుల్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని, భక్తిగా కళ్ళకద్దుకుంది. నేనూ ఒకటి తీసుకుని అద్దుకున్నాను. మంచుకి తడిసిన పూలు చల్లగా తగిలాయి. ఒక్క క్షణమే ఆ చల్లదనం.

"అమ్మాయ్..." అంది ఆవిడ.

"ఆఁ అండి..." అన్నాను నేను.

కళ్ళలో నిప్పులు పోసినట్టుంది. రాత్రంతా మంచులో నానిన తొడిమల కారమంతా ఆ పూలకి పట్టుకుంది. ఆవిడ బుగ్గల మీద నీళ్ళు ధారలు. నా పైట తడిసిపోయింది. అయినా ఆవిడ పువ్వు వదల్లేదు.

దసరా కదా, కార్లకి పూజ చేయించాలని అయ్యగారు ఆ రోజు పెందలాడే వచ్చారు. నీళ్ళ బకెట్టు పట్టుకుని అటు వస్తూ చూసేసరికి, గీత మధ్యలో పీట మీద తల్లి, చేతిలో పువ్వు, కళ్ళ వెంట కారిపోతున్న నీళ్ళు. బకెట్టు కింద పెట్టేశారు. దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"అమ్మా, ఊరుకో. పూసింది కదా. నాన్న చెట్టు... నేను ముట్టుకోను. ఊరుకో అమ్మా" అంటూ తొడిమల మీంచి ఒక పువ్వు తీశారు.

"ఒరేయ్, వద్దురా!" అంది ఆవిడ.

"అయ్యగారండీ, అద్దుకోకండి!" అన్నాను నేను.

అప్పటికే అద్దుకున్నారు. అటూ ఇటూ, రెండు కళ్ళకీ.

మా అరుపులకి బాబాయ్ గేటు దగ్గర్నుంచి వచ్చాడు. ముగ్గురం కుళాయి దగ్గర వరసగా వంగి కళ్ళు కడుక్కుంటుంటే, ఆయనకి సంగతి అర్థమై, వంటింట్లోకి వెళ్ళి పాలు తెచ్చి, గుడ్డ ముంచి అందరి కళ్ళకీ అద్దాడు.

"పుట్టిన కాడ్నించీ మిరపకాయల్లో పడి దొర్లిన కుటుంబం. కళ్ళలో కారం పడితే ఏం చెయ్యాలో తెలీదేంటి బాబూ?" అన్నాడు.

"ఈ తొడిమలు ఎవరు పోయించారు ఇక్కడ?" అన్నారు అయ్యగారు, ఒక కన్ను తెరిచి.

"నత్తలకండి" అన్నాను నేను.

"నేనే చెప్పా బాబూ" అన్నాడు బాబాయ్.

ఆయన మా ఇద్దరినీ ఆ ఒక్క కంటితోనే కాసేపు చూశారు. పెద్దమ్మగారికి నవ్వు మొదలైంది. మొదట భుజాలు కదిలాయి, తర్వాత మనిషంతా ఊగిపోయింది. "గుంటూరులో పుట్టి కారానికి ఏడ్చాను కదరా!" అంటూ కొడుకు వీపు మీద ఒక్కటి చరిచింది. ఆయనకీ నవ్వు ఆగలేదు. అలా నవ్వుతూనే జేబులోంచి ఫోను తీసి, కళ్ళకి సరిగ్గా కనబడక నా చేత మేస్త్రి నంబరు నొక్కించుకున్నారు.

"మేస్త్రీ, గీత చెరిపెయ్. జనరేటరు గది వెనక వంటషెడ్డు పక్కన. వైరు ఎక్కువ పడితే పడనీ. ఆఁ? ఏడవట్లేదయ్యా! కళ్ళలో కారం పడింది! పండగ పూట ఎందుకు ఏడుస్తాను?"

ఫోను పెట్టేసి, తనే చెప్పు కాలితో సున్నపు గీత అటూ ఇటూ రాసి చెరిపేశారు. నేను కళ్ళు తుడుచుకుని చీపురూ తట్టా తెచ్చాను. తొడిమలన్నీ తీసి గోడ వారగా పోసుకోవాలని, నత్తలకి గోడ దగ్గరే కాపలా పెట్టాలని, చెట్టు కింద రాత్రిపూట ఒక శుభ్రమైన గుడ్డ పరవాలని అప్పుడే అనుకున్నాను. అంతలో అసలు సందేహం వచ్చింది. ఇవాళ రాలిన పూలన్నీ కారంలో పడ్డవే. పారిజాతం కడిగితే నిలవదు, వాడిపోతుంది.

"పెద్దమ్మగారండీ, ఇవి దేవుడికి పెట్టొచ్చాండి?"

ఆవిడ ముక్కు ఎగబీల్చి, కళ్ళు ఇంకోసారి తుడుచుకుని, ఖాళీ బుట్ట నా చేతిలో పెట్టింది.

"మన దేవుడు మాత్రం ఏ ఊరివాడే? ఆ మాత్రం కారం ఓర్చుకుంటాడులే. ఏరు."

చేతులు మొహం దగ్గరికి పోకుండా చూసుకుంటూ, ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేశాను.